ఏడునీళ్ళక్క ఎనిమిదో కడుగు

నలభై మూడోసారి చేసిన రేణువులు సీసా అడుక్కి దిగలేదు. ఏడునీళ్ళక్క జీవితంలో చెప్పుకోదగ్గ మొదటి గెలుపు అదే. అంతకుముందు నలభై రెండుసార్లూ దిగిపోయాయి. పొద్దున సీసా నిండా తేనెరంగులో సమంగా తేలుతున్న సరుకు మధ్యాహ్నానికల్లా పైన తేట, కింద మడ్డి అయి కూర్చునేది. పదకొండు నెలలు ఆ మడ్డినే చూసిన మనిషి ఆమె. నలభై మూడోసారి మూడు రోజులు ఆగి, నాలుగో రోజు ఉదయం సీసాను కిటికీ దగ్గర వెలుతురుకు ఎత్తి చూస్తే పైనుంచి కిందదాకా ఒకటే రంగు. వెంటనే పెద్దసారును పిలిచి చూపించింది. ఆయన సీసాను తలకిందులు చేసి, మళ్ళీ నిలబెట్టి, కళ్ళజోడు పైకి తోసుకుని "ఊఁ" అన్నారు. ఆ ప్రయోగశాలలో పెద్దసారు చేత "ఊఁ" అనిపించుకోవడమంటే పట్టాభిషేకం జరిగినట్టే లెక్క.

ఆ సాయంత్రం సంగతి ఇంట్లో చెబితే, లిఫ్టులు బాగుచేసే ఆమె భర్త చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ, "నా లిఫ్టు కిందపడితే పేపర్లో వేస్తారు. నీ రేణువు కిందపడితే నువ్వొక్కదానివే ఏడుస్తావు. ఏదైతేనేం, పడకుండా ఆపావు. ఇద్దరిదీ ఒకే వృత్తి" అన్నాడు. ఆమెకు దక్కిన మెప్పులన్నిటిలో ఆమె ఎక్కువగా తలచుకునేది ఈ మాటనే.

ఆమె పెద్ద చదువులు చదివిన మనిషి కాదు. స్కూలు చదువు అయ్యాక రెండేళ్ళ డిప్లొమా. ఆ పైన ఆరేళ్ళు పాలకేంద్రంలో వెన్నశాతం చూసే ఉద్యోగం. రోజుకు నూట ఎనభై గాజుగొట్టాలు చేతుల్లోంచి వెళ్ళేవి. ఆరేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి పగలలేదని అక్కడి మేనేజరు రాసిచ్చిన కాగితం ఇప్పటికీ ఇంట్లో అద్దం వెనక భద్రంగా ఉంది. పరిశోధన కేంద్రంలో టెక్నీషియన్ ఉద్యోగానికి వెళ్ళిననాడు తనతో పాటు ఆరుగురు డిగ్రీలవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారట. పెద్దసారు ఎవరినీ ప్రశ్నలు అడగలేదు. ఒక పిపెట్ ఇచ్చి, ఒక మిల్లీలీటరు నీళ్ళు పదిసార్లు తీసి త్రాసు మీద పోయమన్నారు. పదిసార్లూ ఒకే తూకం వచ్చింది ఆమెకొక్కదానికే. డిగ్రీలు బెంచీ మీద ఉండిపోయాయి, చెయ్యి లోపలికి వెళ్ళింది.

ఆమె చేసే రేణువు ఎంతటిదో చెప్పాలంటే, తలవెంట్రుక ఒకటి తీసుకుని నిలువునా వెయ్యి చీలికలు చేయాలి. అందులో ఒక చీలిక మందమే దాని కొలత. అంత చిన్నదానికి మూడు పనులు. నడుమ ఇనుప పలుకు ఉంటుంది, స్కానింగు యంత్రంలో రేణువు ఎక్కడుందో అది చూపిస్తుంది. దాని చుట్టూ సన్నని బెజ్జాలున్న గాజుపొర. ఆ బెజ్జాల్లో క్యాన్సరుకు ఇచ్చే ఎర్రమందు. ఆ మందుకు తనంతట తానే మెరిసే గుణం ఉండడంతో సూక్ష్మదర్శిని కింద ఎర్రని వెలుగై కనిపిస్తుంది. గాజుపొర పైన ఫోలిక్ ఆమ్లం అద్దకం. గర్భిణులకిచ్చే బిళ్ళల్లో ఉండే విటమినే అది. క్యాన్సరు కణాలకు దాని మీద యావ ఎక్కువ. ఎక్కడ కనబడినా పట్టుకుని లోపలికి లాక్కుంటాయి. అలా విటమిను కోసం తలుపు తీసిన కణంలోకి మందు కూడా చేరుతుందన్నది పెద్దసారు ఆలోచన. ఆలోచన ఆయనది, చేయడం ఆమెది.

చేయడంలో సగం పని కడగడమే. మందులో నానబెట్టిన రేణువులకు పైపైన అంటుకున్న మందు పోవాలి, లోపల ఇమిడింది మిగలాలి. గొట్టంలో నీళ్ళు పోసి, కదిపి, సెంట్రిఫ్యూజులో గిరగిరా తిప్పితే రేణువులు అడుక్కి చేరతాయి. పైనీరు తీసేసి కొత్తనీరు పోసి, రేణువులను మళ్ళీ చెదరగొట్టడానికి గొట్టాన్ని సోనికేటరు తొట్టిలో పెడతారు. తేనెతుట్టెను కదిపినట్టు రొద చేస్తుంది ఆ తొట్టి. పద్ధతుల పుస్తకంలో మూడు కడుగులని రాసి ఉంది. ఆమె ఏడు కడిగేది. ఏడో నీరు తెల్లకాగితం ముందు పట్టి చూసి, అద్దంలా ఉంటేనే చెయ్యి తుడుచుకునేది. అందుకే అక్కడ అందరికీ ఏడునీళ్ళక్క అయింది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా లేదు.

ఆ పేరుతోనే ఆమె ఆరేళ్ళలో నూట పద్దెనిమిది విడతల రేణువులు చేసింది. వాటిలో పారబోసినవి తొమ్మిదే. వేరే రెండు ప్రయోగశాలలు తమ టెక్నీషియన్లను పంపి ఆమె దగ్గర పని నేర్పించుకున్నాయి. కేంద్రం వాళ్ళు వేసిన వార్షిక నివేదిక అట్ట మీద, నీలం తొడుగు వేసుకుని గొట్టం పట్టుకున్న చెయ్యి ఆమెదే. ముఖం పడలేదు. పడకపోయినా అత్తగారు ఆ నివేదికను కూరలమ్మే మనిషికి కూడా చూపించింది.

"చెయ్యే ఉంది కదమ్మా, మీ కోడలని ఎలా తెలుసు?" అని ఆవిడ అడిగిందట.

"ఇరవై ఏళ్ళుగా ఆ చేత్తో పెట్టిన అన్నం తింటున్నా. తెలీకపోతే నా తిండి దండగ" అందట అత్తగారు.

ఈ అత్తగారి సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. నాలుగేళ్ళ కిందట ఆవిడకు రొమ్ములో గడ్డ వచ్చి, అదే ఎర్రమందు ఎనిమిదిసార్లు ఎక్కించుకుంది. గడ్డ పోయింది. దాంతో పాటు జుట్టు పోయింది, నోరంతా పూసింది, గుండె నీరసించింది. జుట్టు తిరిగి వచ్చింది కాని గుండె మునుపటిలా కాలేదు. ఇప్పటికీ రెండో అంతస్తుకు మెట్లెక్కాలంటే మధ్యలో ఒకచోట ఆగి, గోడకున్న కరెంటు మీటరు చదువుతున్నట్టు నటించి ఊపిరి తీసుకుంటుంది. కోడలు చూడనట్టే వెనకాల నడుస్తుంది.

ఆ ఏడాది ఏప్రిల్లో కమిటీ వచ్చింది. రేణువులను ఎలుకల మీద పరీక్షించడానికి అనుమతి ఇవ్వడమా మానడమా అన్నది వాళ్ళ చేతిలో ఉంది. ఏడునీళ్ళక్కది కాంట్రాక్టు ఉద్యోగం, జూన్ ఆఖరుతో ముగుస్తుంది. అనుమతి వస్తే మరో మూడేళ్ళు పొడిగిస్తామని ఆఫీసువాళ్ళు ముందే చెప్పి ఉంచారు. కమిటీ మధ్యాహ్నం వస్తుందనుకుంటే పదకొండింటికే దిగింది. మామూలుగా రేణువులు కణాల మీద వేసి ఒక రోజు ఆగి బొమ్మ తీస్తారు. ఆ రోజు వాళ్ళ కళ్ళముందే తీసి చూపించాలన్న సరదాతో, వేసిన గంటకే తీశారు.

బొమ్మలు తీసేది చీకటి బాబాయి. సూక్ష్మదర్శిని గదిలో దీపాలార్పుకుని ఇరవై ఆరేళ్ళు కూర్చున్న మనిషి కనుక ఆ పేరు వచ్చింది. ఇంకో ఏడాదిలో రిటైరు కావలసినవాడు. ఆయన తీసిన బొమ్మ తెర మీద పడగానే కమిటీవాళ్ళు కుర్చీల్లో ముందుకు వంగారు. నల్లని తెర మీద కణాలు నిప్పుకణికల్లా నిండుగా, అంచు నుంచి నడుమ దాకా ఎర్రగా వెలుగుతున్నాయి. గంటలోనే ఇంత వెలుగా అని ఒకాయన పెద్దసారు చెయ్యి పట్టుకుని ఊపాడు. అనుమతి ఖాయమని అక్కడే అర్థమైపోయింది. తలుపు పక్కన నిలబడ్డ ఏడునీళ్ళక్కను కూడా ముందుకు పిలిచి మెచ్చుకున్నారు. మర్నాటికి ఆ బొమ్మను పెద్దది చేయించి వరండా గోడకు తగిలించారు.

అందరూ ఆ బొమ్మను చూస్తూ వెళ్ళిపోయేవాళ్ళు. ఏడునీళ్ళక్క మాత్రం రోజూ దాని ముందు ఆగేది. మూడో రోజున ఆమెకు మనసులో ముల్లు గుచ్చుకుంది. కణానికి నడుమ కేంద్రకం ఉంటుంది. అది కూడా ఎర్రగా ఉంది. రేణువు కేంద్రకంలోకి పోలేదు, దానికంత సందు లేదు. మొదట కణం దాన్ని ఒక సంచిలో మూటకట్టి లోపలికి తీసుకోవాలి, ఆ సంచిలో గాజుపొర నుంచి మందు విడిపోవాలి, విడిపోయిన మందు అప్పుడు కేంద్రకానికి నడిచి వెళ్ళాలి. ఇదంతా జరగడానికి పూటైనా పడుతుంది. రోజు ఆగి తీసిన పాత బొమ్మల్లో కేంద్రకం ఎర్రగా ఉంటే న్యాయమే. గంటకే ఎలా అయింది?

మధ్యాహ్నం టీ వేళ చీకటి గదికి వెళ్ళి అదే అడిగింది.

"తొందరగా వెళ్ళుంటుంది అమ్మాయ్. మంచిదే కదా" అన్నాడు బాబాయి, కప్పులో బిస్కెట్టు ముంచుకుంటూ.

"బాబాయ్, తలుపు తీయకముందే ఇంట్లో మనిషి తిరుగుతుంటే ఆ మనిషిని ఏమంటారు?"

బిస్కెట్టు విరిగి కప్పులో పడింది. ఆయన దానివైపే చూస్తూ, "దొంగంటారు" అన్నాడు.

రేణువుతో సంబంధం లేకుండా మందు ఒక్కటే విడిగా వెళ్ళి ఉంటే తప్ప అలా జరగదు. విడి మందుకు తలుపులతో పనిలేదు, ఏ కణంలోకైనా గోడ దాటి పోతుంది. మరి విడి మందు ఎక్కడిది? ఏడుసార్లు కడిగింది. ఏడో నీరు అద్దంలా ఉంది. బాబాయి యంత్రం అబద్ధమాడి ఉండాలి, లేదా ఆమె కడుగు అబద్ధమై ఉండాలి. యంత్రాన్ని ఆయన ఆ సాయంత్రమే విప్పి, అద్దాలన్నీ తుడిచి, సరిచూశాడు. ఏ లోపమూ లేదు.

తరువాత ఏడునీళ్ళక్క చేసింది చాలా చిన్న పని. అదే విడత రేణువులను రెండు గొట్టాల్లో సమంగా పంచింది. ఒకదానిలో తాను ఎప్పుడూ కడిగే శుద్ధమైన నీరు పోసింది. రెండోదానిలో మన రక్తంలో ఎంత ఉప్పు ఉంటుందో అంత ఉప్పు కలిపిన నీరు పోసింది. రెంటినీ ఒంటివేడిమిలో గంటసేపు ఉంచి, పక్కపక్కన పెట్టి తిప్పింది. సెంట్రిఫ్యూజు మూత తీసి చూస్తే శుద్ధమైన నీటి గొట్టం పైన ఎప్పటిలాగే అద్దంలా ఉంది. ఉప్పునీటి గొట్టం పైన దానిమ్మ గింజలు పిండినట్టు ఎర్రగా ఉంది.

అక్కడ ఒక ఎత్తు స్టూలు ఉంటుంది. కూర్చోకుండా పనిచేసే మనిషి దాని మీద కూర్చుంది. మందు బెజ్జాల్లో ఇమడలేదు. గాజుపొరకు పైపైన, తడి గోడకు కాగితం అంటుకున్నట్టు అంటుకుని ఉంది. ఉప్పులేని నీళ్ళతో ఏడుసార్లు కాదు డెబ్భైసార్లు కడిగినా ఊడి రాదు. ఉప్పు తగలగానే ఊడుతుంది. కణాలు పెరిగే ద్రవంలో ఉప్పుంది. ఎలుక రక్తంలో ఉప్పుంది. మనిషి రక్తంలోనూ ఉంది. నూట పద్దెనిమిది విడతలు ఏ కడుగును చూసుకుని ఆమె ధీమాగా ఉందో, ఏ కడుగు పేరు ఆమెకు పేరైందో, ఆ కడుగే చూడవలసినదాన్ని చూపించకుండా దాచింది.

మరో రెండుసార్లు చేసి చూసుకుంది. అదే ఎరుపు. ఆ ఎర్రని పైనీటిని, అందులో ఒక్క రేణువు కూడా లేకుండా చూసి, కణాల మీద వేసి గంట తరువాత బాబాయి చేత బొమ్మ తీయించింది. వరండా గోడ మీద ఉన్న బొమ్మే మళ్ళీ వచ్చింది. బాబాయి లేచి గది తలుపు దగ్గరగా వేశాడు. ఆ తరువాత, ఈ గదిలో చూసింది తాను బయట చెప్పననీ, చెప్పడమా మానడమా ఆమె ఇష్టమనీ, జూన్ ఆఖరు ఎంతో దూరం లేదని మాత్రం మరిచిపోవద్దనీ అన్నాడు. ఆయన మంచికే అన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె మెతుకులు లెక్కపెట్టింది. భర్త రెండుసార్లు కదిపి ఊరుకున్నాడు. అత్తగారు ఊరుకునే మనిషి కాదు. గొంతులో వెలక్కాయ పడ్డట్టు ఆ మొహమేమిటని నిలదీసి, కోడలు గిన్నెలు, గరిటెలు పెట్టి చెప్పిందంతా ఆసాంతం విన్నది. రేణువంటే గిన్నె, మందంటే గిన్నెలో నీళ్ళు, దారిలో తొణికిపోవడమంటే ఇది.

"అయితే ఇప్పుడు నీ గిన్నె రక్తంలో పడగానే ఒలికిపోతుందన్నమాట" అంది ఆవిడ.

"సగం పైనే ఒలికిపోతుంది అత్తయ్యా."

"నాకెక్కించిందీ అంతే కదే. పొమ్మన్న చోటికి పోలేదు, అన్ని చోట్లకీ పోయింది. ఒలికిపోయే మందు ఇప్పటికే ఆస్పత్రి నిండా ఉంది. దానికి నువ్వు ఆరేళ్ళు కష్టపడాలా?"

 భర్త నెమ్మదిగా, ఉద్యోగం సంగతేమిటని అడిగాడు. పోతే పోవచ్చునని ఆమె అంది. పాలకేంద్రంలో గొట్టాలు ఇంకా ఉన్నాయి కదా అన్నాడు అతను. నవ్వించడానికే అన్నాడు గాని ఎవరికీ నవ్వు రాలేదు. అతని జీతం ఒక్కదానితో ఇల్లు గడుస్తుంది, అత్తగారి గుండె మందులు గడవవు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. 

మర్నాడు పొద్దున పెద్దసారు గదిలో ఆయన బల్ల మీద మూడు గొట్టాల స్టాండు పెట్టింది: శుద్ధమైన నీటిది, ఉప్పునీటిది, రేణువు ఒక్కటీ లేని ఎర్రని పైనీటిది. పెద్దసారు చదువుతున్న కాగితం మడిచి పక్కన పెట్టారు.

"సార్, గోడమీద బొమ్మ రేణువులది కాదు. విడిపోయిన మందుది."

"ఏడుసార్లు కడిగారు కదమ్మా?"

"కడిగాను సార్. ఉప్పులేని నీళ్ళతో. నూట పద్దెనిమిదిసార్లూ అలాగే కడిగాను."

ఆయన గొట్టాలు ఒక్కొక్కటే తీసి కిటికీవైపు ఎత్తి చూశారు. మూడో గొట్టం దగ్గర చాలాసేపు ఆగారు. బాబాయి తీసిన రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూశారు. 

"ఇది మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు."

"ఎలుకలకు తెలిసేది సార్."

ఆయన నవ్వలేదు గాని పెదవి ఒక పక్కకు లాగింది. లేచి అలమారులోంచి పద్ధతుల పుస్తకం తెచ్చి, శుద్ధమైన నీటితో కడగాలని రాసి ఉన్న పుట తెరిచి, ఈ వాక్యం రాసింది తానేనని చెప్పారు. దాని పక్కన ఎర్రసిరాతో ఆ రోజు తేదీ వేసి, ఉప్పునీటితో అని దిద్దారు. ఆ తరువాత ఆమెను పంపించి, తలుపు వేసుకుని, కమిటీకి ఉత్తరం రాశారు. మధ్యాహ్నానికి వరండా గోడ మీద మేకు ఒక్కటే మిగిలింది.

దాని ఫలితం రావలసినట్టే వచ్చింది. అనుమతి ఆగింది. పెద్దసారు గట్టిగా పోరినందువల్ల ఏడునీళ్ళక్క ఉద్యోగం జూన్‌తో పోలేదు. మూడేళ్ళ మాట పోయి, సెప్టెంబరు ఆఖరుదాకా మూడు నెలల పొడిగింపు దక్కింది. కొత్త సరుకు ఎలుకల్లో నిలబడితే ఆ పైన చూస్తామన్నారు. ప్రయోగశాలలో కొందరు ఉప్పునీళ్ళక్క అని పిలిచి నవ్వుకున్నారు. పాత ఫలితాల మీద వ్యాసం సగం రాసుకున్న ఒక పరిశోధకురాలు నెలరోజులు ఆమెతో మాట్లాడలేదు. అందులో ఆ పిల్ల తప్పేమీ లేదు, రెండేళ్ళ పని బూడిదలో పోసిన పన్నీరైపోయింది మరి.

మందును అంటించే పద్ధతి మార్చాలి. అంటించడం కాదు, ముడి వేయాలి. ఉప్పుకు ఊడని ముడి, పులుపు తగిలితే మాత్రమే తెగే ముడి. కణం రేణువును మూటకట్టి ఉంచే సంచిలో కాస్త పులుపు ఉంటుంది కనుక ముడి అక్కడికి చేరాకే తెగుతుంది. ఆ పద్ధతి పెద్దసారుకు ముందునుంచీ తెలుసు. పాతదానికి రెండు రోజులు చాలు, దీనికి తొమ్మిది రోజులు పడుతుంది. అందుకే పక్కన పెట్టారు. ఇప్పుడు ఏడునీళ్ళక్క దాన్ని మొదటినుంచి పట్టుకుంది.

మొదటి విడత గడ్డలు కట్టింది. రెండోది కూడా కట్టింది. మూడోది గడ్డ కట్టలేదు గాని, ఏడుసార్లు మామూలు నీళ్ళతో కడిగాక ఎనిమిదో కడుగు ఉప్పునీళ్ళతో కడిగితే నీరు లేత గులాబీరంగుకు తిరిగింది. ఆ రంగు చాలా సన్నం. పక్కన నిలబడ్డ పరిశోధకురాలికి కనబడనే లేదు. ఏడునీళ్ళక్క ఆ విడతను పారబోసింది. ఈ రంగు లెక్కలోకి రాదని ఇద్దరు చెప్పారు. కళ్ళకు కనబడింది లెక్కలోకి ఎందుకు రాదని ఆమె తిరిగి అడిగింది. నాలుగోదానిలో మందు చాలినంత ఎక్కలేదు. ఐదోది జులై మొదటి వారంలో తయారైంది. ఎనిమిదో నీరు అద్దంలా ఉంది. నమ్మక, ఒంటివేడిమిలో ఒక రోజంతా ఉప్పునీటిలో ఉంచింది. అప్పటికీ అద్దమే. అదే గొట్టంలో రెండు చుక్కల పులుపు వేసి ఉంచితే సాయంత్రానికి ఎరుపు దిగింది.

చీకటి బాబాయి బొమ్మ తీశాడు. గంటకు తీసిన బొమ్మలో కేంద్రకం నల్లగా ఉంది. దాని చుట్టూ ఆవగింజలు చల్లినట్టు ఎర్రని చుక్కలున్నాయి. మర్నాడు తీసిన బొమ్మలో చుక్కలు తగ్గి కేంద్రకం ఎర్రబడింది. పక్కన పెంచిన మామూలు కణాల్లో అక్కడొకటి, ఇక్కడొకటి తప్ప చుక్కలు లేవు. ద్రవంలో ఫోలిక్ ఆమ్లం ముందే కుమ్మరించి ఉంచితే క్యాన్సరు కణాల్లో కూడా చుక్కలు తగ్గిపోయాయి. విటమిను దొరికిన కణం రేణువు కోసం ఎగబడలేదన్నమాట. దారి అదేనని అంతకన్నా రుజువు అక్కర్లేదు. బాబాయి, ఇరవై ఆరేళ్ళలో ఇంత మసక బొమ్మ చూసి ఇంత సంతోషపడింది లేదని చెప్పి, ఆమెకు ఒక బిస్కెట్టు ఇచ్చాడు.

కమిటీలో చెయ్యి పట్టుకుని ఊపిన పెద్దమనిషికి మాత్రం కొత్త బొమ్మ నచ్చలేదు. మొన్నటిదే కంటికి నిండుగా ఉంది కదా అన్నాడు. మొన్నటిది చెదిరిన మందు వెలుగనీ, ఇది చేరవలసిన చోట చేరిన రేణువు వెలుగనీ పెద్దసారు ఓపిగ్గా చెప్పారు. పెద్దసారు చెప్పాక కూడా ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు గాని, అనుమతి కాగితం మీద సంతకం పెట్టాడు.

పరీక్ష ఈ ఊళ్ళో కాదు. ఎలుకలను స్కానింగు చేసే యంత్రం ఉన్నది రైల్లో పదిహేడు గంటల దూరంలో ఉన్న మరో కేంద్రంలో. ముప్పై రెండు ఎలుకలు, సగానికి విడి మందు, సగానికి రేణువులు. నాలుగు వారాలు చూసి, గడ్డలోకి ఎంత మందు చేరింది, గుండెలోకి ఎంత చేరింది అని తూచి చెబుతారు. గడ్డలో ఎక్కువా, గుండెలో తక్కువా ఉంటే ఏడునీళ్ళక్కకు మూడేళ్ళ ఉద్యోగం. కాకపోతే సెప్టెంబరు ఆఖరుతో సరి. సరుకును పార్సెలులో పంపుదామన్నారు ఆఫీసువాళ్ళు. ఎలుకకు ఎక్కించే గంట ముందు ఉప్పునీళ్ళతో కడిగి చూడాలనీ, ఆ నీటిని తన కళ్ళతో చూడకుండా ఎక్కించనివ్వననీ ఆమె పట్టుబట్టింది. ఆమె అంతగా పట్టుబట్టడం వాళ్ళు మొదటిసారి చూశారు. టికెట్టు తీయించారు.

బయలుదేరే రోజు అత్తగారు రెండు అంతస్తులూ దిగి వీధి తలుపు దాకా వచ్చింది. మంచుగడ్డల మధ్య గడ్డకట్టకుండా సర్దిన రేణువుల డబ్బాను పట్టుకుని చూసి, బరువేమీ లేదే అంది.

"ఇందులో నా గుండెకు పనికొచ్చేది ఏమైనా ఉందా?"

"మీ గుండెకు కాదు అత్తయ్యా. మీ తరవాత ఎక్కించుకునేవాళ్ళ గుండెకు."

"సరే. అక్కడి ఎలుకలకు నా పేరు చెప్పు. మెట్లెక్కమని మాత్రం బలవంతపెట్టకు" అంది ఆవిడ.

భర్త ఆమెను స్టేషనుకు తీసుకెళ్ళే దారిలో కేంద్రం దగ్గర ఆపాడు. బయటికి వెళ్ళేవాళ్ళు సంతకం పెట్టవలసిన పుస్తకం గేటు పక్క గదిలో ఉంటుంది. వెళ్ళే పని అన్న గడిలో ఎలుకల పరీక్ష అని రాసింది. తీసుకెళ్ళే సామాను అన్న గడిలో ఐదో విడత, ఆరు గొట్టాలు అని రాసింది. తిరిగి వచ్చే తేదీ అన్న గడి దగ్గర కాసేపు వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. నాలుగు వారాల పరీక్ష, తూకాలకు మూడు రోజులు, రైల్లో ఒక రోజు. ఆ ఫలితం కాగితం ఆమె చేతికే ఇచ్చి పంపుతారు. మంచిదైనా చెడ్డదైనా మోసుకొచ్చేది ఆమే. కలం గట్టిగా ఒత్తి రాసింది: ఆగస్టు ఇరవై ఒకటి, గురువారం, మధ్యాహ్నం బండికి.